చిలుక ఆపిన చోట

ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తెరుచుకుంటాయి. మొన్న అక్కడ ఎంసెట్ గైడ్లకీ జావా పుస్తకాలకీ మధ్యలో చిన్నయసూరి నీతిచంద్రిక కనబడింది. అట్ట లేదు. బేరమాడకుండా తీసేసుకున్నా. తర్వాత నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ చాయ్ తాగుతూ పేజీలు తిప్పుతుంటే, వెంట వచ్చిన మా టీమ్ కుర్రాడు "అన్నా, నేను చదివేది కూడా జంతువుల కథే" అని ఫోన్ చూపించాడు.

అది 'ఎకో' అనే విజువల్ నావెల్. బొమ్మ ఉంటుంది, కింద మాటలు వస్తుంటాయి, మధ్యమధ్యలో ఏం చెయ్యాలో మనల్ని అడుగుతుంది. పాత్రలన్నీ బట్టలేసుకుని మనుషుల్లా బతికే జంతువులు. వీటిని ఫర్రీ అంటారట. కథానాయకుడు ఒక నీటికుక్క. పాత స్నేహితుల్లో ఎవరితో ఎక్కువ సమయం గడుపుతావో దాన్నిబట్టి కథ దారి మారుతుంది. "మన దగ్గర ఇలాంటివి లేవు కదన్నా" అన్నాడు. నా చేతిలో ఉన్నదేంటి మరి?

నీతిచంద్రిక 1853లో మద్రాసులో అచ్చయింది. అందులో పాత్రకి బొమ్మ అవసరం లేదు, పేరు చాలు. చిత్రగ్రీవుడంటే రంగురంగుల మెడ ఉన్నవాడు, పావురాల రాజు. లఘుపతనకం తేలిగ్గా ఎగిరే కాకి. మంథరుడు నెమ్మదిగా నడిచే తాబేలు. పేరులో రూపమో నడకో ఉంటుంది, కథని నడిపేది మాత్రం జంతువు స్వభావం. ఎలుకకి పళ్ళున్నాయి కాబట్టి వల కొరుకుతుంది. కాకి వచ్చి స్నేహం చేద్దామంటే అదే ఎలుక, నేను నీ ఆహారాన్ని, మనకి స్నేహమేంటి అంటుంది. వాళ్ళిద్దర్నీ మనుషులుగా రాస్తే ఈ భయం ఇంత సూటిగా రాదు. జంతువుని ముద్దుగా ఉంటుందని పెట్టలేదు, లెక్క తేల్చడానికి పెట్టారు.

సరే, మరి మనల్ని అడగడం? దానికి నాంపల్లి నుంచి గోల్కొండ దాకా వెళ్తే చాలు. అబ్దుల్లా కుతుబ్‌షా ఆస్థానకవి గవ్వాసీ 1639లో దక్కనీలో 'తూతీనామా' రాశాడు. 1330లో నక్షబీ రాసిన పారశీక గ్రంథం దానికి ఆధారం, దాని వెనక సంస్కృత శుకసప్తతి. తెలుగులో పాలవేకరి కదిరీపతి కూడా ఆ శుకసప్తతినే పద్యాల్లో చెప్పాడు. మొగుడు ఊళ్ళో లేడు, భార్య రాత్రిపూట ప్రియుడి దగ్గరికి బయల్దేరుతుంది, పంజరంలో చిలుక కథ మొదలుపెడుతుంది. సంస్కృత కథలో చిలుక సరిగ్గా పాత్ర ఇరుక్కున్న చోట ఆపి, "ఇప్పుడు ఆమె ఎలా తప్పించుకోవాలో చెప్పు" అని అడుగుతుంది. ప్రభావతి ఆలోచిస్తూ ఉండిపోతుంది. తెల్లారిపోతుంది. మావాడి ఫోన్‌లో వచ్చే మెనూ ఇదే! తేడా ఏంటంటే అక్కడ మీట నొక్కితే అయిపోతుంది, ఇక్కడ బుర్ర పెట్టాలి.

మరో దారిలో వెళ్ళే కథ కూడా ఉంది. మిత్రభేదంలో దమనకుడనే నక్క చాడీలు చెప్పి సింహానికీ ఎద్దుకీ మధ్య చిచ్చు పెడుతుంది. సింహం ఎద్దుని చంపేస్తుంది. నక్కకి శిక్ష పడదు. ఎనిమిదో శతాబ్దంలో ఈ కథల్ని 'కలీలా వ దిమ్నా' పేరుతో అరబ్బీలోకి తెచ్చిన ఇబ్న్ అల్ ముకఫ్ఫా పుస్తకంలో, సంస్కృతంలో లేని ఒక అధ్యాయం కనిపిస్తుంది. అందులో నక్క మీద విచారణ జరుగుతుంది, శిక్ష పడుతుంది. ఆ అధ్యాయం ఆయనే చేర్చాడని పండితుల అభిప్రాయం. నక్క గెలిచిన ముగింపు మింగుడుపడక ఇంకో ముగింపు రాసుకున్నారన్నమాట.

నా మటుకు నాకు పాత ముగింపే నిజమనిపిస్తుంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి దమనకుడు తెలియనివాడేం కాదు. వాడికి మంచి అప్రైజలే వస్తుంది కూడా.

బాధేంటంటే, ఇవే కథల్ని పిల్లలకి చెప్పేటప్పుడు ముగింపుని తుడిచేసి "నీతి: చెడ్డవారితో స్నేహం వద్దు" అని ఒక లైను అతికించేస్తున్నాం. నేనూ అదే చేశాను. ఆ రాత్రి ఇంటికెళ్ళి మా అమ్మాయికి మిత్రభేదం చెప్పి నీతి మొదలుపెట్టబోతే, "సింహం వెళ్ళి ఎద్దునే అడగొచ్చు కదా నాన్నా?" అంది.

అడగనివ్వకపోవడమే దమనకుడి తెలివి. కానీ నేనది చెప్పలేదు. చిలుకలా అక్కడే ఆపి, "మరి ఎందుకు అడగలేదంటావ్?" అన్నాను. చాలాసేపు పడుకోలేదు. నేనూ పడుకోలేదు.