మా అమ్మ ఇచ్చిన జ్ఞానస్నానం

దగ్గరికి జరగండర్రా, నెగడులో ఇంకా నిప్పుంది. మాఘం వచ్చినా మన మునిగుడలో నియమగిరి చలి వదలదు. బాబూ, నువ్వూ ఇలా కూర్చో. పాతికేళ్లొచ్చాక చిన్నపిల్లలతో పాటు సత్ప్రసాదానికి తయారవ్వడమేటని నీకు సిగ్గుగా ఉంది. నాకు తెలుసు. మీ పెదనాన్న సంగతి చెబుతాను, విను.

విజయనగరం నుంచి రాయపూర్ దాకా ఈ రైలు లైను 1931లో పూర్తయింది. మా తాత ఆ పట్టాల పని మీదే ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నా చిన్నప్పుడు రాయగడ జిల్లా అనేది లేదు, ఇదంతా కోరాపుట్టే. విడదీసింది 1992లో. ఈ చుట్టుపక్కల కిరస్తానీలంటే ఎక్కువగా లూథరన్లు. జర్మనీ మిషనరీలు 1882లోనే కోరాపుట్ చేరారు మరి. కథోలికులం పిడికెడు మందిమి. ఫాదర్‌గారు ఎప్పుడో ఒకసారి వచ్చి పూజ చేసి వెళ్లేవారు, వానాకాలంలో అదీ లేదు.

అలాటి వానల్లోనే మా అప్ప పురిటికొచ్చింది. పిల్లాడు నీలంగా పుట్టాడు, ఏడుపు లేదు. మంత్రసాని కాళ్లు పట్టి ఎత్తి వీపు చరుస్తోంది. మా అమ్మ ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అంటూ వాడి నెత్తి మీద మూడుసార్లు పోసింది. నేనప్పటికి పదమూడేళ్ల గుంటని, దీపం పట్టుకుని పక్కనే ఉన్నాను. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ ప్రాణం మీదికొస్తే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని ఉపదేశి నేర్పాడు, ఆ మాట గుర్తుంచుకుంది.

పిల్లాడు బతికాడు, వాడే మీ పెదనాన్న. తరవాత గుడికి తీసుకెళ్లి మిగతా తంతు జరిపించాలి, పుస్తకంలో రాయించాలి. బావకి బదిలీ మీద బదిలీ, అదేదీ జరగలేదు. ఏడేళ్ల ఈడుకే సత్ప్రసాదం ఇవ్వొచ్చని పదో పయస్ పాపుగారు 1910లోనే చెప్పారు. వీడికి ఏడు పోయి నలభై దాటాయి.

మా అప్ప పోయినప్పుడు భూస్థాపన పూజలో అందరూ సత్ప్రసాదం లోకొంటుంటే, కన్నకొడుకు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ రాత్రే అడిగాడు: "పిన్నీ, నాకు మళ్లీ జ్ఞానస్నానం ఇస్తారా?"

ఇద్దరం ఫాదర్‌గారి దగ్గరికెళ్లాం. జ్ఞానస్నానం ఒక్కసారే, ఆత్మ మీద పడిన ఆ ముద్ర చెరగదు, మళ్లీ ఇవ్వకూడదు అన్నారాయన. పుస్తకంలో లేకపోతే నమ్మదగ్గ సాక్షి ఒక్కరు చాలట. నన్ను కూర్చోబెట్టి అడిగారు. పోసినవి నీళ్లేనా? తలకి తగిలాయా? పోస్తూ ఏమన్నారు? చూసింది చూసినట్టు చెప్పాను. పుస్తకం తీసి, ఎవరిచ్చారన్న చోట మా అమ్మ పేరు రాశారు. ఆ పేరు అక్షరాల్లో చూడటం నాకదే మొదలు. కళ్లనీళ్లు ఆగలేదురా.

వాడి భయమల్లా పాపసంకీర్తనం గురించి. పెద్దయ్యాక కొత్తగా జ్ఞానస్నానం తీసుకునేవాళ్లకి అప్పటిదాకా చేసిన పాపాలన్నీ ఆ నీళ్లతోనే పోతాయి. వీడికి ఆ స్నానం ఎప్పుడో అయిపోయింది, కనక నోరు విప్పి చెప్పుకోవలసిందే. తపసుకాలమంతా సత్యోపదేశానికి వెళ్లాడు. ఇక్కడ పూజ ఒడియాలో, వాడికొచ్చిన జపాలు తెలుగులో. రెండూ కలిపే నేర్చుకున్నాడు. సంకీర్తనం చేసి బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. నేను పలకరించలేదు.

ఇంక భద్రమైన అభ్యంగనం. అది మేత్రాణుల పని. పసితనంలోనే జ్ఞానస్నానమైన వాళ్లకి మామూలు గురువు తనంతట తాను ఇవ్వలేడు, మేత్రాణుల అనుమతి ఉండాలి. పూర్వమైతే దానికి బరంపురం నుంచి కబురు రావాలి. 2016లో రాయగడకే మేత్రాసనం వచ్చింది, అప్లినార్ సేనాపతి గారు మొదటి మేత్రాణులు. వీడిది ఆ తరవాతి మాట, ఉత్తరం తొందరగానే వచ్చింది. ఆలివ్ నూనెలో పరిమళం కలిపి మేత్రాణులు అభిషేకించిన తైలం అది. నేను జ్ఞానతల్లిగా వెనక నిలబడి కుడిచెయ్యి వాడి భుజం మీద వేశాను. ఫాదర్‌గారు బొటనవేలితో నుదుట సిలువ గీస్తుంటే ఆ భుజం వణకడం నా అరచేతికి తెలిసింది. ఆ పూజలోనే సత్ప్రసాదం లోకొన్నాడు. ఆ వరసలో వాడి ముందరున్న పిల్ల వాడి నడుం దాకా కూడా రాదు, ఎవరూ నవ్వలేదు.

నీకన్ని తిప్పలు లేవు బాబూ. నీ జ్ఞానస్నానం పార్వతీపురం గుడి పుస్తకంలో ఉంది, సాక్షి అక్కర్లేదు. పాత కాగితం కాదు, అక్కడికెళ్లి కొత్తగా రాయించుకుని తే. జ్ఞానతండ్రిగా నిలబడేవాడికి అభ్యంగనం, సత్ప్రసాదం రెండూ అయి ఉండాలి. మీ పెదనాన్నకి అయ్యాయి. ఆదివారం పూజకి వస్తాడు, నువ్వే అడుగు.