బ్రహ్మచారికి అన్నము: శ్వేతకేతువు నుండి నేటి వసతిగృహము వరకు

విశ్వవిద్యాలయముల వసతిగృహములలో నేడు రెండు విధములైన వ్రతములు కానవచ్చుచున్నవి. కొందరు అన్నమును శత్రువుగా భావించి, ప్రతి ముద్దకును కెలొరీలు లెక్కించుచు, కృశించిన దేహమును అద్దములో చూచి ఇంకను స్థూలమే యని తలచుచున్నారు. మరికొందరు జిమ్ములో గంటల కొలది గడిపి, ప్రొటీన్ పొడులతోను, ఒక్కొక్కచో ప్రమాదకరమైన స్టెరాయిడ్లతోను కండలు పెంచుచు, ఎంత పెంచినను చాలలేదని కుందుచున్నారు. ఈ రెండును పైకి పరస్పర విరుద్ధములు. మూలము మాత్రము ఒక్కటే. ఆ మూలమును ఉపనిషత్తులు విద్యార్థుల కథల ద్వారానే ప్రతిపాదించినవి.

ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయమున శ్వేతకేతువు వృత్తాంతము కలదు. పన్నెండవ యేట గురుకులమునకు వెళ్లి, ఇరువది నాలుగవ యేట సర్వవేదములను అధ్యయనము చేసి తిరిగివచ్చిన ఆ యువకుని తండ్రియైన ఉద్దాలక ఆరుణి ఒక పరీక్షకు గురిచేసెను. పదునైదు దినములు భుజింపవలదు. జలము మాత్రము యథేచ్ఛగా త్రాగవచ్చును. పదునారవ దినమున వేదమును చెప్పుమనగా, కుమారునకు ఒక్క ఋక్కైనను స్ఫురింపలేదు. మహాగ్ని చల్లారి మిణుగురుపురుగంత నిప్పు మిగిలినట్లు, మనస్సు యొక్క పదునారు కళలలో ఒక్కటియే శేషించినదని తండ్రి వివరించెను. భుజించిన పిమ్మట, అడిగినదంతయు శ్వేతకేతువు చెప్పగలిగెను. మనస్సు అన్నమయమని ఆతనికి అప్పుడు అనుభవపూర్వకముగా తెలిసినది.

ఇచ్చట గమనింపదగిన విషయము కలదు. ఆ ఉపవాసమునకు అవధి యుండెను, జలమునకు నిషేధము లేదు, పర్యవేక్షించుటకు గురువు ఉండెను, చివరకు అది భోజనముతోనే ముగిసెను. అన్నము లేక విద్య లేదని బోధించుటకే ఆ పరీక్ష జరిగినది గాని, అన్నమును జయించుటకు కాదు.

తెలుగు వైదిక కుటుంబములలో అధికభాగము అనుసరించు ఆపస్తంబ ధర్మసూత్రము దీనిని నియమరూపమున స్థిరపరచినది. సన్న్యాసికి ఎనిమిది కబళములు, వానప్రస్థునకు పదునారు, గృహస్థునకు ముప్పదిరెండు. బ్రహ్మచారికి మాత్రము పరిమితియే లేదు. భుజించుట చేతనే బ్రహ్మచారి తన కార్యమును సాధింపగలడని కారణము గూడ చెప్పబడినది. జిహ్వాచాపల్యమును అంత కఠినముగా శాసించిన ధర్మశాస్త్రమే చదువుకొనువాని ఆకలికి హద్దు గీయలేదు. సన్న్యాసి కబళములను విద్యార్థి లెక్కించుకొనుట వైరాగ్యము కాదు, ఆశ్రమసాంకర్యము.

రెండవ వ్రతమునకు సమాధానము అదే ఉపనిషత్తు అష్టమాధ్యాయమున లభించును. ఇంద్రుడు, విరోచనుడు ఆత్మవిద్యకై ప్రజాపతిని ఆశ్రయించి ముప్పదిరెండు సంవత్సరములు బ్రహ్మచర్యము పాటించిరి. చక్కగా అలంకరించుకొని జలపాత్రలో చూచుకొనుడని ప్రజాపతి చెప్పెను. తమ ప్రతిబింబములను చూచి ఇరువురును తృప్తితో వెడలిరి. విరోచనుడు ఆ దేహమునే ఆత్మగా నిశ్చయించి, దానినే పూజింపవలెనని అసురులకు బోధించెను. ఇంద్రునకు మాత్రము మార్గమధ్యముననే సంశయము కలిగినది: దేహము అంధమైనచో ఈ ఆత్మయు అంధమగును గదా, దేహము నశించినచో ఇదియు నశించును గదా! ఆతడు తిరిగివచ్చి, మొత్తము నూటయొక్క సంవత్సరములు శిష్యుడై యుండెను. దేహమును చూచుకొనుట విరోచనుని దోషము కాదు, ఇంద్రుడును చూచుకొనెను. చూచిన చోటనే నిలిచిపోవుట దోషము. జలపాత్రకు బదులు నేడు సెల్‌ఫోన్ తెర వచ్చినది, అంతియే.

ఆహారశుద్ధి యను మాట గూడ తరచుగా అపార్థమునకు గురియగుచున్నది. ఛాందోగ్య సప్తమాధ్యాయములోని ఈ పదమునకు శంకరభగవత్పాదులు ఇంద్రియములు గ్రహించు విషయముల శుద్ధి యని వ్యాఖ్యానించిరి. భగవద్రామానుజులు శ్రీభాష్యమున భోజ్యవస్తువుల శుద్ధినే గ్రహించి, జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములను పేర్కొనిరి. అర్థము భిన్నమైనను ఇరువురకును ఫలము ఒక్కటే: అంతఃకరణశుద్ధి. కావున దేహము యొక్క ఆకారమును దిద్దుకొనుటకు ఆ వాక్యమును ప్రమాణముగా చూపుట తగదు.

ఆధునిక కాలమున 1888 నుండి 1891 వరకు లండనులో న్యాయశాస్త్రము చదివిన గాంధీమహాత్ముడు ఆహారప్రయోగములు అనేకము చేసెను. కొంతకాలము పిండిపదార్థములను విడిచి, కొంతకాలము రొట్టె, ఫలములతోనే గడిపెను. ఆనాటి ప్రయోగములు పొదుపు, ఆరోగ్య దృష్టులతో చేసినవే గాని ధర్మదృష్టితో కావని ఆయనయే ఆత్మకథలో నిజాయితీగా తెలిపెను. ఏ నియమమును ఏ ఉద్దేశముతో పాటించుచున్నామో గుర్తెరుగుట సాధనకు ప్రథమసోపానము.

శ్వేతకేతువు పరీక్షకు సదృశమైన ఘట్టము 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జరిగినది. యుద్ధమువలన క్షామపీడితులైన ప్రజలకు తిరిగి ఆహారమిచ్చు విధానమును తెలిసికొనుటకై, ఆన్సెల్ కీస్ యను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు సుమారు ఆరు మాసములు అల్పాహారమిచ్చి పరిశీలించెను. వారు దేహభారములో ఇంచుమించు నాలుగవవంతు కోల్పోయిరి. అంతకన్న ఆశ్చర్యకరమైనది మనస్సునకు కలిగిన వికారము. చదువునందు, స్నేహములందు ఆసక్తి నశించినది. పాకశాస్త్ర గ్రంథములు చదువుట, అన్నమును గూర్చియే చింతించుట అధికమైనది. అన్నమును మానినవానిని అన్నమే పూర్తిగా ఆవరించెను. ఈ ఫలితములు 1950లో రెండు సంపుటములుగా వెలువడినవి.

తిండి మాని కృశించు వ్యాధిని 1873లోనే లండనులో గల్, పారిస్‌లో లాసెగ్ యను వైద్యులు వర్ణించిరి. 1997లో స్టీవెన్ బ్రాట్‌మన్ యను వైద్యుడు శుద్ధాహార వ్యామోహమునకు ఆర్థోరెక్సియా యని నామకరణము చేసెను. కండలు చాలలేదను భ్రాంతికిని అదే సంవత్సరమున హారిసన్ పోప్ మొదలగు వైద్యులు ప్రత్యేకనామము నిచ్చిరి.

భక్తుల గృహములలో ఈ వ్యాధి కొన్నిసార్లు భక్తివేషము ధరించును. ఏకాదశితో ఆరంభమైన ఉపవాసము శనివారమునకు, సోమవారమునకు, పిదప ప్రతిదినమునకు వ్యాపించును. పిల్లలకు వైరాగ్యము కలిగినదని తల్లిదండ్రులు సంతసింతురు. ఉపవాసమనగా భగవంతునకు సమీపమున వసించుట. ఆ దినమున మనస్సు దైవమునందు నిలిచినదా, తూకపుయంత్రముపై నిలిచినదా యని పరిశీలించినచో వ్రతమేదో వ్యాధియేదో తెలియును. పారణ చేయుటకు భయపడువాని ఉపవాసము వ్రతము కాజాలదు, ఏలయన పారణ గూడ వ్రతాంగమే.

అట్టి బిడ్డను నిందింపక, పరిహసింపక, వైద్యుని చెంతకు తోడ్కొనిపోవుట తల్లిదండ్రుల ధర్మము. ఉద్దాలకుడు శుష్కించిన కుమారునకు మొదట తత్త్వము బోధింపలేదు. మొదట భుజింపుమనెను, తరువాతనే తత్త్వమసి మహావాక్యమును ఉపదేశించెను.