కోతకు ముందే పడాల్సిన మందు

కోనరావుపేట నుంచి వేములవాడ, సిరిసిల్ల, సిద్దిపేట మీదుగా హైదరాబాద్ చేరిన పెద్దాయన మీ ముందే ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. సిరిసిల్లలో ఏళ్ల తరబడి సాంచాలు (మరమగ్గాలు) నడిపిన మనిషి, బీడీ మీద బీడీ కాల్చిన మనిషి. కాళ్లకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం పొట్టలోనే పూడుకుపోయింది. నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయి.

"నాకేసే నరం దేంతోటి జేస్తరు సారూ?"

"పాలిస్టర్ తోటి, తాతా."

"మా సాంచాల మీద నేసేదే గద!"

నిజమే, ఆ జాతిదే. 1950లలో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే సర్జన్ తన భార్య కుట్టుమిషన్ మీద డేక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డతోనే రక్తనాళపు గొట్టాలు కుట్టాడు.

గోడ గడియారం 8.40 చూపిస్తోంది. మత్తు డాక్టరు సెఫాజోలిన్ అనే యాంటిబయాటిక్ 2 గ్రాములు నరంలోకి మెల్లగా ఎక్కిస్తున్నారు. కత్తి ఇంకా పళ్లెంలోనే ఉంది. ఇంజెక్షన్ ఇచ్చాక గంటలోపే కోత పడాలి. కోత పెట్టే గజ్జల్లో ఎంత మందు పూసి తుడిచినా వెంట్రుకల కుదుళ్లలో స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి మిగిలే ఉంటుంది. కత్తి ఆ చర్మాన్ని చీల్చే క్షణానికే మందు అక్కడి కండలో, కొవ్వులో చేరి కాపు కాయాలి.

9.10కి కోత. లోపల నాళం బయటపడ్డాక సిస్టర్ ప్యాకెట్ విప్పుతుంది. ముడతలు ముడతలుగా తెల్లటి గొట్టం, కింద లాగులా రెండు కాళ్లు. సర్జన్ దాన్ని చర్మానికి తగలనివ్వడు. ఈ గుడ్డకు ప్రాణం లేదు, సొంత రక్తప్రసారం లేదు. సూక్ష్మజీవి ఒక్కసారి అతుక్కుంటే చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన యాంటిబయాటిక్ అయినా లోపలికి సరిగ్గా చేరదు. చాలాసార్లు గొట్టమే తీసేయాల్సి వస్తుంది. అప్పుడు కాలుకే కాదు, ప్రాణానికీ ముప్పే.

జెలటిన్ పూసిన గొట్టాన్ని రిఫాంపిసిన్ అనే యాంటిబయాటిక్‌లో నానబెట్టే పద్ధతి కూడా ఉంది. తెల్ల గుడ్డ చూస్తుండగానే కాషాయం ఎక్కుతుంది. కానీ మొదటిసారి వేసే గొట్టానికి దానివల్ల అదనపు మేలు పరీక్షల్లో స్పష్టంగా తేలలేదు. ఇక్కడ అలా నానబెట్టడం లేదు. నమ్మకమంతా ఆ 8.40 ఇంజెక్షన్ మీదే. ఆ నమ్మకానికి ఆధారం ఉంది. 1978లో అమెరికాలోని నాష్‌విల్ డాక్టర్లు ప్రచురించిన పరీక్షలో సెఫాజోలిన్ పడినవాళ్లలో ఇన్ఫెక్షన్ 0.9 శాతం. ఉత్తుత్తి మందు పడినవాళ్లలో 6.8 శాతం.

12.40. కుట్లు ఇంకా పూర్తి కాలేదు. రక్తంలో మందు పలచబడే వేళయింది కాబట్టి ఇంకో డోసు.

సాయంత్రం వరండాలో కొడుకు డాక్టరు చేతులు పట్టుకుంటాడు. "పది రోజులకు మంచి పవర్‌ది రాయుండ్రి సారూ." డాక్టరు రాయడు. ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే మందును 24 గంటల్లో ఆపేయాలి. సాగదీస్తే మేలేమీ పెరగదు, మందుకు లొంగని క్రిములు మాత్రం పెరుగుతాయి.

మీ ఇంట్లో ఇలాంటి గొట్టం ఉన్నవాళ్లుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. గజ్జలో గాయం చెమ్మగిల్లినా, గడ్డ కట్టినా, జ్వరం విడవకపోయినా ఊళ్లో సూది వేయించుకుని ఊరుకోకండి. అది ఆపరేషనైన ఏళ్లకైనా సరే. డిశ్చార్జి కాగితం పట్టుకుని ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లండి.