తెరుచుకోని ఫోటోలు

మా మేనకోడలు డల్లాస్ నుంచి తన పాప బారసాల ఫోటోలు పంపింది. మొత్తం ఇరవై మూడు ఫైళ్లు. ఆల్బం వేయిద్దామని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని మా వీధి చివరి స్టూడియోకి వెళ్లాను. అక్కడి కుర్రాడు మొదటి ఫైలు మీద రెండుసార్లు నొక్కాడు, ఏమీ రాలేదు. ఇంకోసారి నొక్కి, మౌస్‌ను అనుమానంగా చూశాడు. "ఇవి హెచ్ఈఐసీ సార్, మా సిస్టంలో రావు. వాళ్లని ఫోన్లో తెరిచి స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టమనండి" అన్నాడు. కోటీ ఇరవై లక్షల చుక్కలున్న ఫోటోను స్క్రీన్‌షాట్‌గా కుదించి, దాన్ని వాట్సాప్ చేత మళ్లీ పిండించి, ఆ పిప్పిని పన్నెండంగుళాల కాగితం మీద అచ్చు వేయిద్దామన్నమాట. అబ్బాయి తప్పేమీ లేదు. ఈ జబ్బుకి మా వీధిలో దొరికే మందు అదే.

జబ్బు మాత్రం పాతది. 1980ల్లో ప్రతి కంప్యూటరూ బొమ్మను తనకు తోచినట్టు దాచుకునేది. మెకింటాష్‌కి పిక్ట్, అమిగాకి 1985లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ తయారుచేసిన ఐఎఫ్ఎఫ్, డాస్ యంత్రాలకి జెడ్‌సాఫ్ట్ వాళ్ల పీసీఎక్స్, తర్వాత విండోస్‌తో బీఎంపీ. మెమరీని కిలోబైట్లలో కొలిచే రోజులవి. తెర మీది బొమ్మ ఆ యంత్రం లోపల ఎలా పరుచుకుని ఉందో ఇంచుమించు అలాగే డిస్కు మీదికి దించేస్తే పని తేలిక. ఆ ఫైలు ఎప్పుడో ఇంకొకరి ఇంటి యంత్రంలో తెరుచుకోవాలని ఎవరనుకున్నారు?

పేర్లు పెట్టడంలోనూ ఎవరి ఆచారం వారిది. డాస్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత తోకకు మూడు. మెకింటాష్‌కి తోకతో పనే లేదు, ఫైలు ఏ రకమో లోపల ఒక రహస్య గుర్తుగా రాసుకునేది. అక్కడి ఫైలు ఫ్లాపీలో ఇక్కడికి వస్తే ఇంటిపేరు లేని మనిషిలా నిలబడేది. నాలుగక్షరాల జేపీఈజీ మూడక్షరాల జేపీజీగా తెగిపోయింది కూడా డాస్ పుణ్యాన్నే. లోపలి సరుకు రెండింటిలోనూ ఒకటే. అయినా ఈమధ్య ఒక ఆన్‌లైన్ దరఖాస్తు నా ఫోటోను రెండుసార్లు తిప్పికొట్టింది. తోకలోంచి "ఈ" అనే ఇంగ్లీషు అక్షరం చెరిపేసి మళ్లీ పెట్టాను, మారుమాట్లాడకుండా తీసుకుంది.

అన్ని యంత్రాలకూ పనికొచ్చే ఫార్మాట్ కావాలని గట్టిగా పూనుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవలసింది ఆల్డస్ కంపెనీ. మన డీటీపీ సెంటర్లలో ఒక తరమంతా కూర్చుని తెలుగు పుస్తకాలు కూర్చిన పేజ్‌మేకర్ వాళ్లదే. స్కానర్లు చేసేవాళ్లంతా ఒకే పద్ధతిలో ఫైలు ఇవ్వాలని 1986లో టిఫ్ తెచ్చారు. వాళ్లకు ఎదురైన మొదటి చిక్కు భలే చిక్కు. 5/6 అని రాస్తే విజయవాడలో జూన్ ఐదు, డల్లాస్‌లో మే ఆరు. ఇంటెల్ చిప్పులు, మోటరోలా చిప్పులు అంకెలు రాసే తీరులో అచ్చం ఇదే తేడా. ఒకటి చిన్న భాగాన్ని ముందు రాస్తుంది, ఇంకొకటి పెద్ద భాగాన్ని. టిఫ్ వాళ్లు ఎవరినీ మారమనలేదు. ఫైలు మొదట్లో "ఐ ఐ" అని ఉంటే ఇంటెల్ వరస, "ఎం ఎం" అని ఉంటే మోటరోలా వరస అన్నారు. ఆ వెంటనే 42 అనే అంకె ఉండాలన్నారు. వరస తారుమారుగా చదివితే అదే అంకె 10752గా కనిపిస్తుంది, పొరపాటు అక్కడే బయటపడుతుంది. ఈ ఫార్మాట్ల కథలో నాకు నచ్చిన చిన్న చిన్న తెలివితేటల్లో ఇదొకటి.

కానీ మొహమాటం ఎక్కువైతే సంసారం ఎలా ఉంటుందో టిఫ్ అలా అయింది. ఈ కుదింపు పద్ధతీ ఉండనీ, ఆ రంగుల లెక్కా ఉండనీ అని అడిగినవాళ్లందరికీ తలూపారు. ఒక ప్రోగ్రాం రాసిన టిఫ్ ఇంకో ప్రోగ్రాం చదవలేని స్థితి వచ్చింది. ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలకి "పొంతన కుదరని వేలాది ఫైల్ ఫార్మాట్లు" అని ఎవరో విడమరిచి చెప్పిన హాస్యం ఇప్పటికీ చెల్లుబాటవుతోంది.

ఆ హాస్యం తెలుగు చదువరుల దాకా వచ్చింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కార్నెగీ మెలన్ ఆచార్యుడు రాజ్ రెడ్డి పూనికతో పది లక్షల పుస్తకాల స్కానింగ్ మొదలైంది. అందులో మన వంతు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఎక్కడా దొరకని పాత తెలుగు పుస్తకాలు వేలల్లో అందులోకి చేరాయి. అయితే పుస్తకం పుస్తకంగా ఉండేది కాదు, పేజీకో టిఫ్ ఫైలు. మామూలు బ్రౌజర్ టిఫ్ చూపించదు, దానికి వేరే ప్లగిన్ దించుకోవలసి వచ్చేది. మూడువందల పేజీల నవల అంటే మూడువందల నొక్కుళ్లు. చివరికి పాఠకులే పూనుకుని, పేజీలన్నీ వరసగా దించి పీడీఎఫ్‌గా కుట్టే చిన్న ప్రోగ్రాములు పట్టుకున్నారు. తర్వాత ఆ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి గనక ఇవాళ సుఖంగా చదువుతున్నాం. స్కాన్ చేసిన వాళ్లకు టిఫ్ మంచి ఎంపికే, నలుపు తెలుపు పేజీని అది చెక్కు చెదరకుండా దాస్తుంది. దాచడానికి మంచిదీ చూపడానికి మంచిదీ ఒకటే కానక్కర్లేదని మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఇంతలో టెలిఫోన్ తీగ మీద బొమ్మలు పంపే పని వచ్చింది. అమెరికాలోని కంప్యుసర్వ్ కంపెనీలో స్టీవ్ విల్‌హైట్ బృందం 1987 జూన్‌లో ఒక ఫార్మాట్ విడుదల చేసింది. దాని పేరు ఎలా పలకాలన్నది ఇంకా తెగని తగువు. "జిఫ్" అనే పలకాలని విల్‌హైట్ 2013లో కూడా పట్టుబట్టాడు. ఇంగ్లీషులో రాసేవాళ్లు ఏదీ తేల్చకుండా తప్పించుకోవచ్చు, తెలుగు లిపిలో ఆ వీలు లేదు, గ రాయాలా జ రాయాలా తేల్చుకోవాలి. కన్నవాడి మాట కాదని నేను జనంతో పాటు గిఫ్ అనే రాస్తాను. 256 రంగులే ఉన్నా, ఏ యంత్రంలోనైనా తెరుచుకోవడం దాని బలం. యూనికోడ్ కుదురుకోక ముందు చాలా తెలుగు వెబ్ పేజీలు అక్షరాలను బొమ్మలుగా చేసి పెట్టుకున్నాయంటే ఆ బలమే కారణం. ఫాంటు లేని యంత్రంలో కూడా గిఫ్ కనిపించేది.

పిడుగు ఇంకో దిక్కు నుంచి పడింది. గిఫ్ లోపలి కుదింపు విధానం లెంపెల్, జివ్ అనే ఇద్దరి పద్ధతికి టెర్రీ వెల్చ్ చేసిన మెరుగు. వెల్చ్ దాన్ని 1984లో పత్రికలో అచ్చు వేశాడు, కంప్యుసర్వ్ వాళ్లు చదివి వాడుకున్నారు. అచ్చయ్యేనాటికే దాని మీద పేటెంట్ దరఖాస్తు పడి ఉందని వాళ్లకు తెలియదు. 1985లో మంజూరైన ఆ పేటెంటు కంపెనీల విలీనంలో యూనిసిస్ చేతికి వెళ్లింది. 1994 డిసెంబరు చివర్లో, సెలవుల మధ్య, గిఫ్ రాసే సాఫ్ట్‌వేర్‌కి రుసుము కట్టాలన్న ప్రకటన వచ్చింది. ప్రపంచమంతా అలవాటు పడ్డాక తలుపు దగ్గర టికెట్ కౌంటర్ తెరిచారు. కొద్ది రోజుల్లోనే, 1995 జనవరి 4న, థామస్ బౌటెల్ కొత్త ఫార్మాట్‌కు ముసాయిదా పెట్టాడు. అది పీఎన్‌జీ. 1996 అక్టోబరులో వెబ్ ప్రమాణాల సంస్థ దాన్ని ఆమోదించింది. గిఫ్ కంటే చాలా విషయాల్లో మేలు, పైసా కట్టనక్కర్లేదు. అయినా జనానికి దక్కడం ఆలస్యమైంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షన్ పీఎన్‌జీ పారదర్శకతను సరిగా చూపలేక బూడిద రంగు మడ్డి పూసేది. 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా అదే గతి. గిఫ్ పేటెంటుకు అమెరికాలో 2003 జూన్‌లోనే గడువు తీరిపోయింది.

ఫోటోల సంగతికి వస్తే కథానాయకుడు వేరు. 1972లో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తున్న బెంగళూరువాడు నాసిర్ అహ్మద్, కొసైన్ తరంగాలతో బొమ్మల సమాచారాన్ని కుదించే ఆలోచన మీద పనిచేస్తానని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగాడు. ఇవ్వలేదు. ఆయన ఆగలేదు. విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో పత్రం అచ్చు వేశాడు. ఆ కె.ఆర్. రావు పూర్తిపేరు కామిశెట్టి రామమోహన రావు. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ యూనివర్సిటీలో దశాబ్దాలు పాఠం చెప్పాడు. ఆ ఇంటిపేరు తెలుగు చెవికి కొత్త కాదు. మా మేనకోడలి ఇంటినుంచి ఆర్లింగ్టన్ దగ్గరే, ఈ సంగతి ఆమెకు నేను చెప్పేదాకా తెలియదు.

వాళ్ల గణితం మీదే 1986లో ఏర్పడ్డ నిపుణుల బృందం 1992లో ప్రమాణం తయారుచేసింది. బృందం పేరులోని మొదటి అక్షరాలే జేపెగ్. బొమ్మను ఎనిమిది వరసల, ఎనిమిది నిలువుల గడులుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 చుక్కలను అలలుగా మారుస్తుంది. కన్ను పట్టించుకోని సన్నని అలలను పారేస్తుంది. మొహాలకీ మబ్బులకీ ఇది దివ్యంగా పనిచేస్తుంది. తెలుగు అక్షరాలకి పనిచేయదు. తలకట్టు దగ్గర, ఒత్తు దగ్గర నలుపు ఠక్కున తెలుపవుతుంది, అది చూపాలంటే ఆ సన్నని అలలే కావాలి. అందుకే వాట్సాప్‌లో పదిచేతులు మారిన పెళ్లిపత్రికలో అక్షరాల చుట్టూ మసక పడుతుంది.

జేపెగ్ ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందో చెప్పేటప్పుడు అందరూ గణితాన్ని పొగుడుతారు. నా లెక్కలో గణితం కంటే రెండు మర్యాదలు ఎక్కువ పనిచేశాయి. ప్రమాణంలోని ప్రాథమిక భాగం ఎవరికీ రుసుము కట్టనక్కర్లేకుండా ఉండాలని బృందం ముందే అనుకుంది. ఇంకా బాగా కుదించే అరిథ్మెటిక్ కోడింగ్ కూడా ప్రమాణంలో ఉంది, కానీ దానిమీద పేటెంట్లున్నాయి గనక ఎవరూ ముట్టుకోలేదు. రెండోది, టామ్ లేన్ నడిపిన స్వచ్ఛంద బృందం 1991లోనే జేపెగ్ చదివే, రాసే కోడ్‌ను ఉచితంగా పంచిపెట్టింది. తర్వాత 2002లో ఫోర్జెంట్ అనే టెక్సస్ కంపెనీ పాత పేటెంటు ఒకటి బయటికి తీసి పది కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిందనుకోండి. 2006లో ఆ పేటెంటు పునఃపరిశీలనలో దెబ్బతిన్నాక ఆ గొడవ ముగిసింది. అప్పటికి జేపెగ్‌ను కదిలించే శక్తి ఎవరికీ లేదు.

దాన్ని మించాలని వచ్చినవాళ్లంతా ఏదో ఒక తలుపు దగ్గర ఆగారు. 2000లో వచ్చిన జేపెగ్ 2000 సినిమా హాళ్లలో స్థిరపడింది. మీరు డిజిటల్ థియేటర్లో చూసే సినిమాలో ఒక్కో ఫ్రేమూ అదే, కానీ చాలా బ్రౌజర్లలో దానికి చోటు దక్కలేదు. గూగుల్ 2010 సెప్టెంబరులో వెబ్‌పీ ప్రకటించింది. ఫైర్‌ఫాక్స్ 2019లో, సఫారీ 2020లో గాని ఒప్పుకోలేదు. ఫోటోషాప్ తనంతట తాను తెరవడం 2022లో. ఈలోగా ఫ్లెక్సీ డిజైనర్ల పాట్లు చూడాలి. నాయకుడి ఫోటో వెబ్‌సైట్లోంచి దించితే వెబ్‌పీ వచ్చేది, అది ఫోటోషాప్‌లోకి ఎక్కదు, పుట్టినరోజు చూస్తే రేపే.

ఇక మా బారసాల ఫోటోల ముద్దాయి. 2017 సెప్టెంబరులో ఐఓఎస్ 11తో యాపిల్ తన కొత్త ఫోన్లను హెచ్ఈఐసీకి మార్చింది. దాదాపు సగం చోటులో అదే నాణ్యత, ఫోన్లు నిండిపోయి ఏడ్చినవాళ్లకు అది నిజంగా మేలే. కానీ లోపలి కుదింపు హెచ్ఈవీసీ అనే వీడియో సాంకేతికతది. దాని పేటెంట్లకు అప్పట్లో ఒకటి కాదు, మూడు వసూలు కూటములుండేవి. అందుకే విండోస్ 10లో ఆ ఫోటో చూడాలంటే స్టోర్లోంచి అదనపు తునక దించుకోవాలి, హెచ్ఈవీసీ భాగానికి 99 సెంట్లు కట్టాలి. డాలరు కూడా లేని ఆ మొత్తమే మా స్టూడియో కుర్రాడి దారికి అడ్డం పడిందంటే నవ్వొస్తుంది, కాసేపటికి ఒళ్లు మండుతుంది.

2020 మేలో అమెరికా పిల్లలకి నవ్వు కూడా రాలేదు. కోవిడ్ వల్ల ఏపీ పరీక్షలు ఇంటినుంచే రాయించారు. ఇది మన ఏపీ కాదు, అక్కడి హైస్కూలు పిల్లలు కాలేజీ క్రెడిట్ కోసం రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. చేత్తో రాసిన జవాబును ఫోటో తీసి పంపాలి. ఐఫోన్‌తో తీసిన కొందరి ఫోటోలు హెచ్ఈఐసీ. పరీక్ష పోర్టల్‌కి ఆ ఫార్మాట్ అక్కర్లేదు. గడియారం అయిపోయేదాకా తెర తిరుగుతూనే ఉంది, పేపరు వెళ్లలేదు. నిర్వహించిన కాలేజ్ బోర్డు జూన్‌లో మళ్లీ రాయమంది, మిగిలిన పరీక్షలకు ఈ-మెయిల్ దారి తెరిచింది. సమాధానాలు వచ్చిన పిల్లలు ఫైలు తోక దగ్గర ఫెయిలయ్యారు.

హెచ్ఈవీసీ రుసుముల బెడద చూసి పెద్ద కంపెనీలు కలిసి 2019లో రుసుము లేని అవిఫ్ తెచ్చాయి. దాని వెనకే జేపెగ్ ఎక్స్ఎల్ వచ్చింది. పాత జేపెగ్ ఫోటోను సుమారు ఐదోవంతు చిన్నది చేసి, కావాలంటే మళ్లీ ఒక్క బిట్ తేడా లేకుండా పాతదే ఇవ్వగలదు. ఇంత బుద్ధిగా పెద్దల్ని గౌరవించే వారసుణ్ని నేను ఈ వంశంలో చూడలేదు. 2022 అక్టోబరులో క్రోమ్ బృందం దానిమీద తగినంత ఆసక్తి లేదని చెప్పి, 2023 ఫిబ్రవరిలో తీసేసింది. అదే ఏడు సెప్టెంబరులో సఫారీ చేర్చుకుంది. ఒకింటి అల్లుణ్ని ఇంకో ఇల్లు గడప దాటనివ్వలేదు.

ఇరవై మూడు ఫోటోలూ మా మేనకోడలు జేపెగ్‌గా మార్చి మళ్లీ పంపింది, ఈసారి స్టూడియో యంత్రంలో తెరుచుకున్నాయి. మీ పిల్లలకూ చెప్పి ఉంచండి: ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్ తెరిస్తే రెండు ఎంపికలుంటాయి. పైది "హై ఎఫిషియెన్సీ", కిందిది "మోస్ట్ కంపాటిబుల్". కిందిది నొక్కితే ఆ ఫోన్ తీసే ఫోటో 1992 నాటి జేపెగ్.