ద్రావకమునకు పట్టిన వన్నె

కాకతీయుల తెలుగుసీమ సన్నని వస్త్రములను వెనీసు యాత్రికుడు మార్కోపోలో కొనియాడెను. వారి రాజధాని యగు ఓరుగల్లున 1934లో ఆజంజాహీ బట్టలమిల్లు వెలసెను; నేడది మూతపడినది. బట్టను తెలుపుచేయు విద్యకును ఒక చరిత్ర కలదు.

పూర్వము ఐరోపావారు బట్టను పుల్లని మజ్జిగలో నానవైచి, నెలల తరబడి ఎండబెట్టెడివారు. 1746లో బర్మింగుహామున జాన్ రోబక్ సీసపుగదులలో గంధకామ్లము చేయగా అది చౌకయయ్యెను. మజ్జిగకు మారుగా విస్తారముగ నీరు కలిపిన యీ ఆమ్లము చాలునని 1756లో ఎడింబరో వైద్యుడు ఫ్రాన్సిస్ హోము చూపెను. వారముల నానుడు గంటలలో ముగిసెను.

అయితే ఆమ్లమే మలినమైనచో? గడ్డిపరకయో దుమ్మో పడిన గంధకామ్లము దానిని మాడ్చి గోధుమవన్నె దాల్చును. కాచునపుడు కొంచెము సురేకారము చేర్చిన ఆ మసి నశించి ఆమ్లము తేటపడును. ఉప్పునుండి తీయు హైడ్రోక్లోరికామ్లము ఇనుము సోకిన పసుపెక్కును. అందు తడిసిన బట్ట బాగుగ జాడింపక క్షారమున పడెనా, త్రుప్పుమరక తప్పదు. ఆ యామ్లమును ఆవిరిచేసి మరల చల్లార్చి పట్టినచో ఇనుము చాలవరకు అడుగున నిలుచును.

కలకనీట ఉతికిన పంచె తెల్లబడునా? తెలుపుచేయు వస్తువు తానే ముందు తేటపడవలెను.