పొన్నంగి పిట్ట - ఒక పేరు చరిత్ర

శాస్త్రనామాలనగానే విద్యార్థులు జంకుతారు. అవన్నీ గ్రీకు, లాటిన్ మాటలే గదా, వాటితో మనకేమి సంబంధమని అనుకుంటారు. కాని ప్రపంచమంతటా పక్షిశాస్త్రజ్ఞులు వాడే ఒక ప్రజాతి నామం అచ్చమైన తెలుగు మాట. అదే 'పిట్టా'.

దీనికి మూలం పొన్నంగి పిట్ట. దీని పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. వీపు ఆకుపచ్చ, కంఠం తెలుపు, రొమ్ము లేత గోధుమ రంగు, తోక అడుగున ఎరుపు. కంటి మీదుగా నల్లని పట్టీ, రెక్కపై మెరిసే నీలిమచ్చ ఉంటాయి. హిందీలో దీనిని 'నవరంగ్' అనడం ఇందుకే. ఇన్ని రంగులున్నా ఇది సులభంగా కంటబడదు. పొదల నీడలో నేలమీద గెంతుతూ, రాలిన ఆకులను ముక్కుతో తిరగవేసి పురుగులను ఏరుకొని తింటుంది. దాని ఉనికిని తెలిపేది రెండు స్వరాల ఈల. ఉదయ సాయంకాలాలలో ఆ ఈల వినిపిస్తుంది గనుక తమిళులు దీనిని 'ఆరుమణి కురువి', అనగా ఆరుగంటల పిట్ట అంటారు.

వానకాలంలో ఇది హిమాలయ పాదప్రాంతాలలోను, మధ్యభారతంలోను గుండ్రని గూడు కట్టి పిల్లలను చేస్తుంది. చలికాలానికి దక్షిణదేశానికీ, సింహళానికీ వలసపోతుంది. ప్రయాణం రాత్రివేళ సాగుతుంది. అలసిన పిట్టలు ఒక్కొక్కప్పుడు ఇండ్లలోకి వచ్చి పడుతుంటాయి.

ఇక పేరు సంగతి. చెన్నపట్నం సెంట్ జార్జి కోటలో ఎడ్వర్డ్ బక్లీ అనే వైద్యుడుండేవాడు. అతడు ఇక్కడి పక్షుల బొమ్మలను లండన్‌లోని జేమ్స్ పెటివర్‌కు పంపాడు. అవి 1713లో జాన్ రే పక్షిగ్రంథానికి అనుబంధంగా అచ్చయినాయి. అందులో మన పక్షి 'పొన్నంగి పిట్ట' అన్న స్థానికనామంతోనే కనిపిస్తుంది. 1766లో లిన్నేయస్ దీనిని కాకుల ప్రజాతిలో చేర్చి 'కోర్వస్ బ్రాకియూరస్' అన్నాడు. అంటే పొట్టితోక కాకి! నిజానికి ఇది కాకికి దగ్గరి చుట్టం కాదు. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియెయో ఈ జాతి పక్షులకు ప్రత్యేక ప్రజాతి నేర్పరచి 'పిట్టా' అని పేరు పెట్టాడు. అందుచేత మన పక్షి నేడు 'పిట్టా బ్రాకియూరా'. దీని కుటుంబానికి 'పిట్టిడే' అని పేరు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా వరకు ఉన్న దాని చుట్టాలన్నీ ఈ తెలుగు ఇంటిపేరుతోనే చలామణి అవుతున్నాయి.

2006లో జన్యుపదార్థ పరిశీలన ఆధారంగా ఈ కుటుంబాన్ని మూడు ప్రజాతులుగా విడదీశారు. అయినా వాటిలో ఒకదానికి 'పిట్టా' అనే పేరు నిలిచింది.

ఇక్కడ గమనించదగిన విషయ మొకటున్నది. శాస్త్రజ్ఞులు పక్షికి స్థానం వెతకడంలో పొరబడ్డారు. దానిని రోజూ చూచే ప్రజలు పెట్టుకొన్న పేరు మాత్రం మూడువందల యేండ్లు దాటినా చెక్కుచెదరలేదు. బక్లీకి ఆ పేరు చెప్పినవారు ఈ గడ్డమీది సామాన్యులే. మన పల్లెలలో పక్షులకు ఇటువంటి పేర్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. పెద్దల నడిగి వాటిని వ్రాసి ఉంచడం ఏ పాఠశాలలోనైనా చేయదగిన శాస్త్రకార్యమే.