ఆకాశమార్గమున బాలుర సమ్మేళనము



రచ్చబండకడ నొకరు మాటలాడుచుండగా వేఱొకరు నోరెత్తినచో, “ఆగు నాయనా, ఆతని మాట ముగియనిమ్ము” అని మీరు మందలింతురు. ఆ మర్యాదయే ఆధారముగా దేశదేశముల బాలబాలికలు ఏటేట ఆకాశమున కూడుకొను చరిత్రమును నేడు మనవి చేసెదను.

రేడియో తొలినాళ్లలో 200 మీటర్లకు లోబడిన పొట్టి తరంగములు దూరము పోవని తలచి, ప్రభుత్వములు వానిని వేడుకకై యంత్రములు కట్టుకొను ఔత్సాహికులకు వదలివేసినవి. వీరినే హాములందురు. పనికిరావనుకొన్న యా తరంగములే భూగోళమును చుట్టివచ్చినవి. 1924 అక్టోబరు 18వ తేదీన లండనులోని మిల్‌హిల్ పాఠశాల విద్యార్థి సెసిల్ గాయ్డర్, న్యూజీలాండు వ్యవసాయదారుడైన ఫ్రాంక్ బెల్‌తో సంకేతముల మూలమున సంభాషించెను. ఆ బాలుడే పెరిగి 1936లో మన ఆలిండియా రేడియోకు ప్రధాన ఇంజనీరయ్యెను. 1938లో మదరాసు కేంద్రమునుండి తెలుగు పలుకులు వినవచ్చునాటికి ఆ పదవియందున్నవాడతడే.

1957లో ఇంగ్లండునందలి సట్టన్ పార్కులో ప్రపంచ స్కౌటు సమ్మేళనము జరిగెను. అచ్చట నొక హాము కేంద్రమును నెలకొల్పిరి. అందు కలిసికొన్నవారు విడిపోవుచు, ఇకమీద ఆకాశమున కలిసికొందమని తలచిరి. లెస్ మిచెల్ అను హాము పూనికతో 1958 మే నెలలో తొలి ఆకాశ సమ్మేళనము జరిగినది. తరువాత నది అక్టోబరు మాసమునకు మారి నేటికిని సాగుచున్నది.

ఇందలి కష్టము యంత్రమునందు లేదు, పొందికయందున్నది. అందఱును ఒకే తావున వెదకుకొనుటకై 14.290 మెగాహెర్ట్సు వంటి స్థానములను ముందే నిర్ణయించుకొనిరి. వేళను గ్రీనిచ్ కాలమానమున చెప్పుకొందురు. అచ్చట ఉదయము 10 గంటలైన మనకు మధ్యాహ్నము 3.30.

చేతిలో నిముడు చిన్న యంత్రము మాట కొలది క్రోసులే పోవును. దానిని గ్రహించి మరల పంపు కేంద్రములను కొండలపై నిలిపిరి. 1997లో కెనడా హాము డేవిడ్ కామెరన్ అట్టి కేంద్రములను ఇంటర్నెట్టుతో ముడివేయ నారంభించెను. 2002లో ఎకోలింక్ అను మఱియొక వల వచ్చినది. అంతట ఒక యూరి మాట పలు ఖండములందు ఒక్కమాఱు వినవచ్చెను. కాని ఇద్దరొకేసారి మీట నొక్కిన నెవ్వరి మాటయు వినబడదు. అందుచే నొక పెద్ద పేర్లు వ్రాసికొని వంతుచొప్పున పిలుచును. మాటకు మాటకు నడుమ కొంత విరామ ముంచును.

ఒక అక్టోబరున మిత్రుని యింట నేనట్టి కూటమిని వింటిని. ఒక పిల్లవాడు తొందరపడి రెండు మాటలను చెఱచెను. ఆ పెద్ద కోపింపక మరల పిలువగా, వాడు తన పేరు, ఊరు చెప్పి, ప్రశ్న యడిగి, మౌనముగా వినెను.

ఆ విరామము మర్యాదకే కాదు, ఆపన్నుని పిలుపునకు విడిచిన త్రోవ. 2004 డిసెంబరులో హైదరాబాదునందలి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ నాయకత్వమున హాములు వేడుక సంభాషణలకై అండమానుకు పోయియుండిరి. 26వ తేదీన సునామీ రాగా, ఆ యంత్రములే బాధితుల క్షేమవార్తలను మోసినవి.

కావున మీ మనుమడు ఈ విద్య నేర్చెదనన్నచో కాలహరణమని కసరకుడు. ప్రభుత్వ పరీక్ష నిచ్చి అనుమతిపత్రము పొందుమని చెప్పుడు. మాటలాడుటకు ముందు వినుట నేర్పు విద్య యే యింటికిని చేటు కాదు.